‘రిజిడ్’ అంటే దృఢమా, బిగుసుకుపోవడమా?

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వంటి నల్లగొండ జిల్లా మండలాల్లో వయసు పైబడిన వారి ఆస్పత్రి చీటీల్లో వెన్నెముక ప్రస్తావన పక్కనే ‘రిజిడ్’ అన్న మాట కనబడడం కొత్తేమీ కాదు. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఆ మాటను నిఘంటువులోనో ఫోన్‌లోనో వెతికితే ముందుగా తగిలే అర్థం ‘దృఢమైన’. దృఢమైన వెన్నెముక అంటే తెలుగు చెవికి శుభవార్తే. డాక్టరు రాసింది మాత్రం దానికి పూర్తిగా ఎదురు. ఆ వెన్ను వంగడం మానేసిందని ఆయన చెబుతున్నాడు.

ఇదే మాట సిమెంటు రోడ్డు అంచనా పత్రంలోనూ ఉంటుంది, గ్రూప్స్ పరీక్షలకు చదివే పాలిటీ పుస్తకంలోనూ ఉంటుంది. రాజీకి రాని నాయకుడిని గురించి ఇంగ్లిష్ పత్రిక రాస్తే అక్కడా ఉంటుంది. ఇన్ని చోట్లా ఒకటే తెలుగు మాట అతికించబోతే, ఒకచోట తిట్టు పొగడ్తగా, మరోచోట పొగడ్త తిట్టుగా మారుతుంది.

క్లుప్తంగా: రిజిడ్ అంటే బలం ప్రయోగించినా ఆకారం మార్చుకోనిది. గట్టిదనం, బలం, పట్టుదల అనేవి వేరే గుణాలు. రిజిడ్‌తో కలిసి ఉంటే ఉండవచ్చు, లేకపోవచ్చు. ఏది బిగుసుకుంది, ఎందుకు బిగుసుకుంది, అది వంగవలసిన వస్తువేనా అని చూసుకున్నాకే తెలుగు మాట ఎంచుకోవాలి.

చలికి కొంకర్లు పోయిన మాట

ఈ విశేషణం లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో ‘రిగేరే’ అంటే బిగుసుకుపోవడం, కొయ్యబారడం. దాని విశేషణం ‘రిగిదుస్’, నామవాచకం ‘రిగోర్’. ఇంగ్లిష్‌లోకి మధ్యయుగాల చివరి రోజుల్లో చేరింది. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, లాటిన్‌వారు ఈ మాటలను చలికి ఒళ్లు బిగుసుకుపోవడానికి కూడా వాడేవారు. డిసెంబరు తెల్లవారుజామున పొలానికి నీళ్లు పెట్టి వచ్చిన రైతు ‘చేతులు కొంకర్లు పోయాయి’ అంటాడే, అచ్చంగా ఆ భావమే.

చలి వాసన ఈ మాటల కుటుంబాన్ని ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. మలేరియా అనుమానం ఉన్న జ్వరానికి డాక్టర్లు రాసే చీటీలో చలితో పాటు ‘రిగర్స్’ అని ఉంటుంది. కొందరు రైగర్స్ అని పలుకుతారు. దాని అర్థం ఒళ్లంతా కుదిపేసే వణుకు. బిగుసుకుపోవడానికి పుట్టిన మాట వణుకు దగ్గర ఎలా తేలిందన్న సందేహానికి సమాధానం ఆ పాత చలిలోనే ఉంది.

అదే ‘రిగోర్’ మరణానంతరం శరీరం బిగుసుకుపోయే స్థితికీ పేరైంది. దాన్ని రిగర్ మార్టిస్ అంటారు. కండరంలో రెండు రకాల ప్రోటీన్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని లాగితే కండరం ముడుచుకుంటుంది. ఆ పట్టు విడవడానికి ఏటీపీ అనే శక్తి పదార్థం కావాలి. ప్రాణం పోయాక అది తయారు కాదు, ఉన్న నిల్వ తరిగిపోతుంది, పట్టిన పోగులు పట్టినట్టే ఉండిపోతాయి. మరణించిన కొద్ది గంటల్లో దవడ, కనురెప్పల వంటి చిన్న కండరాల్లో ఈ మార్పు తెలుస్తుంది. సుమారు 12 గంటలకు శరీరమంతా పాకుతుంది. కణజాలం కుళ్లడం మొదలయ్యాక మళ్లీ సడలిపోతుంది. ఎండాకాలంలో ఈ క్రమమంతా తొందరగా జరుగుతుంది. కాబట్టి, మాట మనకు లాటిన్ నుంచి వచ్చినా, పుస్తకాల్లోని ఈ గంటలను మహబూబ్‌నగర్ మే నెలకు యథాతథంగా అన్వయించలేం.

కాలక్రమంలో ‘రిగోర్’ ఒంటి నుంచి క్రమశిక్షణకు, చట్టానికి పాకింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 53వ సెక్షన్ జైలు శిక్షను రెండు రకాలు చేసింది. కష్టమైన పనితో కూడినది ‘రిగరస్’, మామూలుది ‘సింపుల్’. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ విభజన కొనసాగింది. ‘కఠిన కారాగార శిక్ష’ అని పత్రికలు రాసేది దీన్నే. ఇదే రిగరస్‌ను పరిశోధనకు అంటే మెప్పు. తెలుగులో అప్పుడు ‘పకడ్బందీ’ అంటాం. అక్కాచెల్లెళ్లలో రిగరస్‌కు పరిశోధకుల దగ్గర దక్కిన మర్యాద రిజిడ్‌కు దక్కలేదు. ఫలానా పరిశోధకుడి పద్ధతి రిజిడ్ అంటే ఎవరూ సంతోషించరు.

నల్లగొండ వెన్నెముక చెప్పే పాఠాంతరం

రిజిడ్‌కూ బలానికీ ఉన్న తేడా ఎక్కడైనా చూపవచ్చు. నల్లగొండలో అది మనుషుల ఒంట్లోనే రాసి ఉంది.

ఇక్కడి నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ శిల. దానిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. శిల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి అది దిగుతుంది. బోర్లు ఎంత లోతుకు పోతే రాతితో అంత ఎక్కువకాలం కాపురం చేసిన నీరు పైకి వస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారత ప్రమాణాల్లో కోరదగిన హద్దు 1 మిల్లీగ్రామే. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. ఈ జిల్లాలో దాని గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ప్రపంచ తాగునీటి సాహిత్యంలో జిల్లా పేరు ఇలా నిలిచింది.

ఎముకలో జరిగేది ఇది. ఎముక ఖనిజం ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేటుల కలయిక. అందులో హైడ్రాక్సిల్ అనే భాగం కూర్చునే చోటును ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. కొత్తగా ఏర్పడే స్ఫటికం మరింత చిక్కగా ఉంటుంది. ఎక్స్‌రేలో అలాంటి ఎముక మామూలు కంటే తెల్లగా కనబడుతుంది. చూసేవారికి ఇది బలంలా తోస్తుంది. అయితే ఎముకకు దెబ్బను ఓర్చుకునే సాగుదల తగ్గి, పెళుసుదనం పెరుగుతుంది. దీనికి తోడు వెన్నుపూసలను కలిపే స్నాయువుల్లో సున్నపు పదార్థం పేరుకుంటుంది. విడివిడిగా కదలవలసిన పూసలు ఒక కడ్డీలా కలిసిపోతాయి. ఇంగ్లిష్ వైద్య గ్రంథాలు ఆ స్థితిని పొయ్యిలో నిప్పు కదిపే ఇనుప చువ్వతో పోల్చాయి. పెరిగిన ఎముక ముళ్లు వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడే ప్రమాదమూ ఉంటుంది.

ఫ్లోరోసిస్ సర్వేల్లో వాడే పరీక్షలు చూస్తే రిజిడ్ అన్న మాట కళ్లకు కడుతుంది. నేల మీద ఒక నాణెం పెట్టి, మోకాళ్లు మడవకుండా వంగి తీయమంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. రెండు చేతులూ చాచి, మోచేతులు మడిచి, వేళ్లతో మెడ వెనుక తాకమంటారు. యంత్రాలేవీ అక్కర్లేదు. వెన్ను బిగుసుకున్న మనిషి నాణెం వైపు చూస్తాడు, నడుము కదలదు, తెలియకుండానే మోకాళ్లు మడుచుకుంటాయి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ ఒక్కటే తిప్పలేడు. నిలువుగా మనిషి మొత్తం తిరగాలి.

1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నాటి ఆంధ్రప్రదేశ్ ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మరో లక్షణాన్ని నమోదు చేశారు. ఎదిగే పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకర పోవడం కనబడింది. వంగకూడని కాళ్లు వంగాయి, వంగవలసిన వెన్ను బిగుసుకుంది. ఒకే విషం ఒకచోట రిజిడ్‌గా చేసి, మరోచోట ఆ గుణాన్నే లాగేసుకుంది. ‘దృఢం’ అన్న మాట ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు.

వైద్యంలో ఈ మాటకు ఇంకో ప్రత్యేకార్థం ఉంది. పార్కిన్సన్స్ జబ్బులో రోగి చేతిని డాక్టరు మోచేతి దగ్గర వంచి చూస్తే, సీసపు గొట్టాన్ని వంచుతున్నట్టు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరు ఎదురు బలం తగులుతుంది. లేదా పళ్ల చక్రంలా ఆగి ఆగి కదులుతుంది. అక్కడ ఎముకకు ఏమీ కాలేదు. కండరాలను నడిపే మెదడు సంకేతాల్లోనే లోపం.

రోడ్డు, ఆనకట్ట: వంగకపోతేనే మేలు

ఇంజినీర్ల లోకంలో రిజిడ్ తిట్టు కాదు, పొగడ్తా కాదు. అది ఒక తరగతి పేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో తారు రోడ్డు ‘ఫ్లెక్సిబుల్’ కోవలోకి, సిమెంటు కాంక్రీటు రోడ్డు ‘రిజిడ్’ కోవలోకి వస్తాయి. మొదటిదానికి 37వ నంబరు మార్గదర్శకం, రెండోదానికి 58వ నంబరు ఉన్నాయి.

తేడా బరువు మోసే తీరులో ఉంది. తారు రోడ్డు మీద లారీ చక్రం మోపిన బరువు పొర తర్వాత పొరగా కిందికి దిగుతుంది. అడుగున మట్టి కుంగితే పైన తారు కూడా దానితో కుంగుతుంది. కాంక్రీటు పలక బల్లచెక్కలా పనిచేస్తుంది. చక్రం ఒకచోట ఉన్నా బరువును చాలా వెడల్పున పంచుతుంది. కింద కొద్దిపాటి మెత్తని చోటు ఉంటే పైనుంచి వంతెనలా దాటేస్తుంది. ఇంతవరకు లాభమే. కానీ తారులా సర్దుకోవడం దానికి చేతకాదు. హద్దు దాటిన రోజున పగులుతుంది. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడి మీద సరైన పునాది లేకుండా వేసిన సీసీ రోడ్లు నిలువునా చీలడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

రిజిడ్ వస్తువు వంగకపోయినా, వేడికి సాగకుండా మాత్రం ఉండదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు మారితే 100 మీటర్ల కాంక్రీటు పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మారుతుంది. అందుకే పలకను ముక్కలుగా విడదీస్తారు. పెద్ద రోడ్ల మీద దాదాపు 4.5 మీటర్లకొక అడ్డగీత ఉండేది ఇందుకే. ఊళ్లో సీసీ రోడ్డు వేసిన మర్నాడు మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపడం అందరూ చూసేదే. గీతలు కోసే యంత్రం చప్పుడు మాత్రం అన్ని ఊళ్లలోనూ వినబడదు. మనం కోయకపోతే కాంక్రీటు తన పగులును తానే వెతుక్కుంటుంది. అది తిన్నగా ఉండదు.

నాగార్జునసాగర్ దగ్గర రెండు పద్ధతులూ ఒకే కట్టడంలో కనిపిస్తాయి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టులో నది మధ్య సుమారు 1,450 మీటర్ల పొడవున రాతి కట్టడం ఉంది. అది తన బరువుతోనే నీటిని ఆపుతుంది. వంగదు, కుంగదు, కాబట్టి కింద గట్టి శిల తప్పనిసరి. ఇరుపక్కలా ఉన్నవి మట్టికట్టలు. నేల కొద్దిగా సర్దుకుంటే అవీ కొద్దిగా సర్దుకుంటాయి. రాతి భాగం గొప్పదా, మట్టి భాగం గొప్పదా అన్న ప్రశ్న సాగర్ కట్ట మీద నిలబడి ఎవరూ అడగరు. ఏది ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది.

భౌతికశాస్త్ర పాఠంలో ఇంకొక చిక్కు. అక్కడ రిజిడ్‌కు ‘దృఢ’ అన్నదే స్థిరపడిన పరిభాష. ‘దృఢ వస్తువు’ అంటే ఏ రెండు బిందువుల మధ్య దూరమూ మారనిది. లోకంలో అలాంటి వస్తువు లేదు, లెక్క కోసం ఊహించుకునేది. పైగా ఆ శాస్త్రంలో ఉక్కు రబ్బరు కంటే ఎక్కువ స్థితిస్థాపకత కలది. రోజువారీ తెలుగుతో ఆ పాఠం చదివిన విద్యార్థి తప్పు రాస్తే నేరం పూర్తిగా విద్యార్థిది కాదు.

దృఢ రాజ్యాంగం, అదృఢ రాజ్యాంగం

రాజ్యాంగాలను రిజిడ్, ఫ్లెక్సిబుల్ అని విడదీసి ప్రచారంలోకి తెచ్చినవాడు బ్రిటన్‌కు చెందిన జేమ్స్ బ్రైస్. మామూలు చట్టం మార్చినంత తేలికగా మార్చగలిగితే ఫ్లెక్సిబుల్, ప్రత్యేక పద్ధతి పాటించవలసి వస్తే రిజిడ్. తెలుగు పాఠ్యపుస్తకాలు వీటిని ‘దృఢ’, ‘అదృఢ’ అన్నాయి. రెండో మాట అంత మంచి ఎంపిక అనిపించదు. ‘అదృఢ’ వినగానే బలహీనమైనదన్న భావం కలుగుతుంది. బ్రిటన్ రాజ్యాంగం శతాబ్దాలుగా నిలిచే ఉంది, మారడం తేలిక అంతే.

భారత రాజ్యాంగం ఈ రెండింటి మిశ్రమం. రాష్ట్రపతి ఎన్నిక, సుప్రీంకోర్టు అధికారాల వంటివి మార్చాలంటే 368వ అధికరణ ప్రకారం పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీతో పాటు కనీసం సగం రాష్ట్రాల ఆమోదం కావాలి. రాష్ట్రాల సరిహద్దులు మార్చడానికి, కొత్త రాష్ట్రం ఏర్పాటుకు 3వ అధికరణ ప్రకారం సాధారణ మెజారిటీ చాలు. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి, అది ఒప్పుకొని తీరాలన్న నియమం లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరిలో లోక్‌సభ, రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. పరీక్ష గైడ్లలో ‘అదృఢ లక్షణం’ అని రెండు ముక్కల్లో ముగిసే అంశం, ఈ రాష్ట్రం పుట్టుకకు దారి.

మనుషుల గురించి అన్నప్పుడు

మనిషికి అంటగట్టినప్పుడు ఇంగ్లిష్‌లో రిజిడ్ దాదాపు ఎప్పుడూ నిందే. దాని చుట్టుపక్కల మాటలతో పోలిస్తే సంగతి తేటపడుతుంది. ‘ఫర్మ్’ అంటే మాట మీద నిలబడేవాడు, ఇది మెప్పు. ‘స్టిఫ్’ పాత ఇంగ్లిష్ ఇంటి మాట, బట్టకూ మెడకూ చెల్లుతుంది, కొంచెం స్టిఫ్, బాగా స్టిఫ్ అని మోతాదు చెప్పడం తేలిక. గంజి పెట్టిన పోచంపల్లి నూలు చీర స్టిఫ్, తెలుగులో బిరుసు. ఉతికితే మెత్తబడుతుంది. దాన్ని రిజిడ్ అంటే అతిశయోక్తి, ఎందుకంటే రిజిడ్‌లో సడలింపు ఆశ లేదు. ‘అడమెంట్’ వాడు వద్దన్నదానికి వద్దనే అంటాడు, కారణం అతని ఇష్టం. రిజిడ్ మనిషి నియమాన్ని పట్టుకుంటాడు, పరిస్థితి మారినా నియమం మారదంటాడు.

తెలుగులో ఇప్పటికే స్థిరపడిన ‘స్ట్రిక్ట్’ కథ వేరు. అది బిగించి కట్టడం అనే అర్థమున్న మరో లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. పిల్లలను బాగా చదివించే స్ట్రిక్ట్ సారు మీద ఊళ్లో గౌరవమే ఉంటుంది. ‘డిస్ట్రిక్ట్’ కూడా ఆ ధాతువు బిడ్డే, అధికారం బిగించి పట్టిన ప్రాంతమని మొదటి అర్థం. 2016 అక్టోబరులో నల్లగొండ మూడు ముక్కలై, మహబూబ్‌నగర్ నాలుగై, 2019లో నారాయణపేట కూడా విడివడ్డాక, ఆ కట్టు ఎంత వదులో తెలిసింది.

రిజిడ్ మనిషికి తెలుగు నుడికారం ఎప్పుడో సరైన కొలత పట్టింది. ‘పట్టువిడుపు లేని మనిషి’ అంటే చాలు. పట్టు ఒక్కటే ఉంటే నింద, విడుపు ఒక్కటే ఉన్నా నిందే, రెండూ ఉండాలన్న ఊహ ఆ జంటపదంలోనే ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడు ఇంకో రకం. వాడిది ఆలోచనలో బిగుసుదనం, నాలుగో కాలు కళ్లెదుటే ఉన్నా లెక్కలోకి రాదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత వయసుతో వచ్చే బిగువును చెబుతుంది. ‘కొరకరాని కొయ్య’ మాత్రం ఈ కోవకు పూర్తిగా చెందదు. అది ఎదుటివాడికి లొంగనివాడి గురించి, కొంత భయభక్తులతో అనే మాట.

ఏ మాట ఎక్కడ

వస్తువు బలానికి తట్టుకుని నిలవాలన్న అర్థంలో, శాస్త్ర పరిభాషలో దృఢం సరిపోతుంది. శిక్షకు, నిబంధనకు కఠినం. నియమాల గురించి ఫిర్యాదుగా చెబుతుంటే ‘సడలింపు లేని’ అంటే అర్థం సూటిగా తగులుతుంది. మనిషికి పట్టువిడుపు లేని, మరీ విసిగిస్తే మొండి. బట్టకు, వెంట్రుకకు బిరుసు. కాంక్రీటు రోడ్డుకు పనివాళ్లలోనూ ఇంజినీర్లలోనూ సీసీ అన్న మాటే నడుస్తోంది, దాన్ని ‘దృఢ పేవ్‌మెంట్’ అని అనువదించి సాధించేదేమీ లేదు. చిక్కంతా ‘కఠినం’ను అన్నిటికీ ఒకే మందులా వాడే అలవాటుతోనే. కఠినం అంటే గట్టిది, కష్టమైనది. గాజు గట్టిది, వంగదు, కింద పడితే పగులుతుంది. ఒకే వస్తువులో మూడు గుణాలు, మూడింటికీ తెలుగులో వేర్వేరు మాటలున్నాయి.

ఇక ఆస్పత్రి చీటీలోని మాట. దానికి నల్లగొండ పల్లెల్లో అనువాదకుడి అవసరం ఎప్పుడూ లేదు. ‘నడుము కొయ్యబారింది’ అంటే డాక్టరుకూ రోగికీ ఇద్దరికీ అర్థమవుతుంది.